రెండు పేర్ల నీళ్లు

కువైట్‌లో జూన్ వస్తే కుళాయి నీళ్లతో టీ పెట్టుకోవచ్చని మావాళ్లు ఊరికే అనరు. మిద్దెమీది ట్యాంకులో పొద్దంతా కాగిన నీళ్లు చెయ్యి పెడితే చురుక్కుమంటాయి. అట్లాంటి చోట చల్లటి నీళ్లు తాగించడాన్ని మించిన పుణ్యం లేదని ఇక్కడివాళ్ల నమ్మకం. అందుకే ఇంటి గేటు బయట స్టీలు కూలర్ పెట్టించి, చనిపోయిన తమ వాళ్ల పేరు ఒక పలకమీద చెక్కించి దానికి బిగిస్తారు. సబీల్ అంటారు దాన్ని. దారినపోయే ఎవడు తాగినా ఆ పుణ్యం పలకమీది మనిషికి చేరుతుందట. మన చలివేంద్రమే అనుకోండి, కాకపోతే ఇది కరెంటుతో నడుస్తుంది, ఏడాది పొడుగునా ఉంటుంది.

పోయిన ఎండాకాలం నా కాపురం నిలిచేదీ కూలేదీ ఈ కూలర్లమీదే పడింది. నేను సబా అల్ సలేంలో ఒక కువైటీ ఇంట్లో తొమ్మిదేళ్లుగా పనిచేస్తున్నాను. నా పేరు వెంకటేశ్వరి అయినా, ఇంటామెకు నోరు తిరగక ఈశ్వరీ అంటుంది; ఆమెను ఇక్కడి పనివాళ్ల అలవాటు ప్రకారం నేను మామా అంటాను. నా మొగుడు మునీంద్ర సులైబియాలో, ఈ కూలర్లు తయారుచేసే ఒక చిన్న కార్ఖానాలో పనివాడు. ఏడేళ్లు ఫోన్లో సంసారం చేసి విసిగిపోయి, రెండేళ్ల కిందట ఆయన కూడా రాయచోటి నుంచి ఇక్కడికే వచ్చేశాడు. ఒక దేశంలో ఉన్నామన్న మాటేగానీ నాకు సెలవు నెలకు రెండు శుక్రవారాలే. ఆ రెండు రోజులూ బస్సులు మారి సులైబియా పోయి, కార్ఖానా వెనక గదిలో సంగటి కెలికి, ఊరిమిండి నూరి, ఇద్దరం ఎదురెదురుగా కూర్చుని తిని, పొద్దుగూకేలోగా తిరిగొస్తాను. నెలకు రెండు రోజుల కాపురం. దాన్ని కూడా ఎవరైనా లాక్కుంటామంటే ఊరుకునే రకాన్ని కాదు నేను.

లాక్కోవడానికి వచ్చింది మాత్రం మనిషి కాదు, గోరంత ముక్క.

జూన్ మొదటి శుక్రవారం నేను పోయేసరికి కార్ఖానాలో పద్నాలుగు కొత్త కూలర్లు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అద్దాల మాదిరి మెరుస్తున్నాయి. ఏ ఒక్కదానికీ ప్లగ్గు తగిలించలేదు. లోపల కంప్రెసర్లు లేవు. కంప్రెసర్ లేని కూలర్ అంటే ఉత్త స్టీలు బీరువా. వెల్డింగు చేసే జగిత్యాల చిన్నరాజం నన్ను చూసి, "సూడు వదినె, పెండ్లికొడుకు లెక్క తయారుజేసినం, పానమే లేదు" అన్నాడు.

ఫోర్‌మన్ హుస్సేన్ పీరా సంగతంతా విడమరిచి చెప్పాడు. పీరా మా రాయచోటి మనిషే, పాతికేళ్లుగా ఇక్కడున్నాడు, అయిదుపూటలా నమాజు తప్పనివాడు, మాకు పెద్దదిక్కు. కంప్రెసర్లు చైనాలో ఒక ఫ్యాక్టరీ నుంచి రావాలి. వాళ్ల దగ్గర కంప్రెసర్లు తయారుగానే ఉన్నాయి, కానీ వాటిని నడిపించే చిన్న ఎలక్ట్రానిక్ బిళ్ల ఒకటి వాళ్లకు ఇంకో ఫ్యాక్టరీ నుంచి రావాలి. ఆ ఫ్యాక్టరీలో అది లేదు. రెండు నెలలు ఆగి, ఎట్లనో బిళ్లలు దొరికి, కంటెయినర్ ఓడెక్కింది. ఓడలో చోటు చాలక దారిలో ఏదో రేవులో దించేసి పోయారు. ఎప్పుడొస్తుందని అడిగితే ఆ షిప్పింగువాళ్లు ఇన్షా అల్లా అంటున్నారు. ఇక్కడి బజారులో ఉన్న కాసిని కంప్రెసర్లను పెద్ద పెద్ద ఏసీ కంపెనీలవాళ్లు ఎప్పుడో ఎగరేసుకుపోయారు. ఆరుగురు పనివాళ్ల కార్ఖానాకు ఎవరు తీసిపెడతారు?

"గోరంత బిళ్ల లేకపోతే ఇంత షెడ్డు నిలబడిపోయిందా అన్నా?" అన్నాను.

"ఉప్పు లేకపోతే కూర ఏమైతాదమ్మా," అన్నాడు పీరా.

యజమాని అబూ తలాల్ మంచివాడే. ఆయనే మా ఆయనకు కఫీల్, అంటే వీసాకు పూచీదారు కూడా. కానీ మంచితనంతో కూలర్లు చల్లబడవు కదా. సబీల్ కొనేవాళ్లంతా ఎండలు ముదరకముందే పెట్టించుకుంటారు. జూలై ఆఖరుకల్లా ఆ పద్నాలుగూ ఇవ్వలేకపోతే షెడ్డుకు తాళం వేస్తానని ఆయన అందరికీ చెప్పేశాడు. మునీంద్ర ఇఖామా, అంటే ఇక్కడుండే పర్మిట్, ఆగస్టుతో అయిపోతుంది. తాళం పడితే దాన్ని కొత్తది చేసే నాథుడు లేడు. అంటే ఆయన విమానమెక్కి ఇంటికి, నేను మళ్లీ ఫోనుకి.

ఆ పూట సంగటి దిగలేదు మా ఇద్దరికీ. పైగా ఆ పద్నాలుగింటిలో ఒకటి మా మామాది. ఏప్రిల్‌లో మామా తల్లి పోయింది. ఆ ముసలామెకు చివరి మూడేళ్లూ స్నానం చేయించింది, అన్నం తినిపించింది నేనే. మామా తల్లి పేరుమీద సబీల్ పెట్టిస్తాననగానే, నా మొగుడు చేసే చోటే చేయిద్దామని ఎగేసుకుని చెప్పింది కూడా నేనే. జూలై రెండోవారంలో మామావాళ్లు లండన్ పోతారు, అంతలోపు గేటు దగ్గర నీళ్లు పారాలంది. పారతాయి మామా, నాదీ పూచీ అన్నాను. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులాగా ఉండాలి అన్నట్టుంది నా మాట. కంప్రెసర్ లేకుండా పూచీ ఏంటి?

జూన్ చివర్లో కూతురి కాన్పుకని పీరా రాయచోటి పోయాడు. ఆయన లేని పదిహేను రోజుల్లోనే మా ఆయన తన తెలివి చూపించాడు.

జూలై మొదటి బుధవారం పొద్దున్నే పికప్ బండి మా గేటు ముందు ఆగింది. మునీంద్ర, చిన్నరాజం కలిసి కూలర్ దించి, పైపు కలిపి, ప్లగ్గు పెట్టారు. గుర్రుమని మోటారు పలికింది. గంటకల్లా మూడు కుళాయిల్లోనూ పళ్లు జివ్వుమనే నీళ్లు. మామా బయటికొచ్చి, మొదటి గ్లాసు తను తాగి, తల్లి పేరు చెక్కిన పలకను తడిమి చూసి ఏడ్చింది. నన్ను దగ్గరకు తీసుకుని తలమీద ముద్దు పెట్టింది. నేను మా ఆయన వైపు గొప్పగా చూశాను. కంప్రెసర్ యాడిదయ్యా అని అడిగితే, దొరికిందిలేమే అన్నాడు. దొరికిందన్న మాట విన్నాను గానీ ఎట్ల దొరికిందని అడగలేదు. ఆడదాన్ని, ఆమాత్రం ఆరా తీయకపోవడం నా తప్పే.

మా గేటు ముందే బస్‌స్టాప్. రోడ్లు ఊడ్చేవాళ్లు, సామాను మోటర్‌సైకిళ్లమీద తెచ్చేవాళ్లు, పక్కిళ్ల పనిమనుషులు, అందరూ ఆగి తాగుతున్నారు. మామా కాగితం గ్లాసులు పెట్టమంటే పొద్దున ఒక యాభై కట్ట, మధ్యాహ్నం ఒక యాభై కట్ట పెడుతున్నాను. సాయంత్రానికి ఒక్కటి మిగలడం లేదు.

శనివారం పీరా తిరిగొచ్చాడు. ఆదివారం నాకు ఫోన్ చేశాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు, అప్పుడూ పెరగలేదు. కార్ఖానా పెరట్లో, రిపేరుకొచ్చిన పాత కూలర్లు పదకొండు ఉన్నాయి. ఒంటినిండా తుప్పుపట్టి కొత్త డబ్బా కోసం వచ్చినవి. వాటిలో ఒకటి షర్క్ అనే పేటలోని చేపల మార్కెట్లో వేలంపాట పాడే అబూ యూసుఫ్ అనే పెద్దాయనది. ఆయన తమ్ముడి పేరుమీది సబీల్. దాని కంప్రెసర్ ఇప్పుడు మా గేటు దగ్గర గుర్రుమంటోంది.

మునీంద్ర పక్కనే ఉన్నాడంటే, ఫోన్ ఇవ్వమన్నాను.

"ఎందుకు తీస్తివయ్యా?"

"చచ్చినోళ్ల పేరు రాసుండాది గదామే దానిమీద," అన్నాడు. "చచ్చినోళ్ల వస్తువు ఎవురన్నా ఇంట్లో పెట్టుకుంటారా? మా నాయన పోతే మంచం, చెంబు, దుప్పటి అన్నీ ఇచ్చేయలేదా? వీళ్లూ అట్ల ఇచ్చేసిపోయినారనుకుంటి."

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మా దిక్కున మనిషి పోతే ఆ మనిషి వాడిన వస్తువు గడప లోపల ఉండకూడదు. ఇక్కడ లోకంలో ఏది పోయినా ఫరవాలేదు గానీ చనిపోయినవాళ్ల పేరుమీదున్నది ఆగకూడదు. ఆగితే పుణ్యం ఆగినట్టే. రెండేళ్లు ఆ పలకలు బిగిస్తూ కూడా ఆ ఒక్క ముక్క ఆయనకు ఎవరూ చెప్పలేదు, ఆయనా అడగలేదు.

పీరా మళ్లీ ఫోన్ తీసుకుని, పెద్దాయన ఇప్పటికి రెండుసార్లు వచ్చి అడిగిపోయాడని, కంప్రెసర్ విప్పి తెచ్చేస్తే మామా నీళ్లు ఆగిపోతాయని, ఉంచితే అది దొంగసొమ్ము అవుతుందని చెప్పాడు. "నేను సర్ది చెప్పగలను. కానీ చెప్పనమ్మా. తీసినోడే పోయి చెప్పల్ల. వానికి అరబీ రాదు, నువ్వు చెప్పల్ల," అన్నాడు. మా ఆయనకు వచ్చిన అరబీ నాలుగు ముక్కలు. యల్లా, ఖలాస్, జేన్, మాఫీ. అంటే పద, అయిపోయింది, బాగుంది, లేదు. వాటితో క్షమాపణ కుదరదు.

సోమవారం పొద్దున మామా ప్రయాణం ముందు విందుకని జుబైదీ చేపలు తెమ్మంది. డ్రైవర్ వేసవికి ముందే పని మానేసి పోయాడు, గేటు పక్కన వాడి గది ఖాళీగానే పడుంది, కాబట్టి టాక్సీలో నేనే షర్క్ పోయాను. నేను ఫోన్లో రమ్మన్నట్టే మునీంద్ర చేతిలో తెల్ల తువ్వాల మూటతో మార్కెట్ వాకిట్లో నిలబడి ఉన్నాడు. వేలంపాట అప్పుడే అయిపోయింది. నేలంతా మంచునీళ్లు. అబూ యూసుఫ్ ఒక ప్లాస్టిక్ కుర్చీలో చేతికర్ర మీద గడ్డం ఆనించుకుని కూర్చున్నాడు. ఎనభై ఏళ్లుంటాయి, కళ్లు మాత్రం చేపను చూస్తే తూకం చెప్పేసేలా ఉన్నాయి.

నా అరబీ వంటింటి అరబీ. పిల్లల్ని బుజ్జగించడానికి, ముసలామెతో మందు మింగించడానికి నేర్చుకున్నది. దానితోనే చెప్పాను. హాజీ, ఈయన నా భర్త, మీ సబీల్ లోపలి యంత్రం తీసి వేరేవాళ్ల సబీల్‌కి పెట్టాడు, మా ఊళ్లో చనిపోయినవాళ్ల వస్తువు ఎవరూ ఉంచుకోరు, మీరు వదిలేసుకున్నారనుకున్నాడు, కావాలని చేసింది కాదు. మాట తడబడలేదు. తడబడితే ఇంక చెప్పలేనని తెలుసు.

పక్కనెవరో చేపలమీదికి మంచు ఎత్తిపోస్తున్నారు.

"నా తమ్ముడి నీళ్లు ఇప్పుడు ఎక్కడున్నాయి?" అన్నాడు చివరికి.

"సబా అల్ సలేంలో హాజీ. మా ఇంటి గేటు దగ్గర."

"పలక?"

ఆ ముక్క మునీంద్రకు అర్థమైంది. తువ్వాల మూట విప్పాడు. లోపల ఆ తమ్ముడి పేరున్న పలక. తుప్పంతా గీకి, చింతపండుతో తోమి పెట్టినట్టుంది. అంత తెలివి పలకమీద చూపించినవాడు కంప్రెసర్‌మీద చూపించి ఉంటే ఈ గోల ఉండకపోవును. పెద్దాయన పలక తీసుకుని, ఒళ్లో పెట్టుకుని, చదువుకున్నాడు. తర్వాత కర్ర ఊని లేచి, పదండి చూద్దాం అన్నాడు.

ఆయన కారులోనే వచ్చాం. వెనక సీట్లో మునీంద్ర ఖాళీ తువ్వాలను మడతపెడుతూ విప్పుతూ ఉన్నాడు, నా ఒళ్లో కొన్న జుబైదీల మంచు కరిగి చీర తడిసిపోతోంది. మామాకు చెప్పకుండా ఈ మనిషిని గేటు దగ్గరికి తెస్తున్నాను. నా మాటమీద కూలర్ చేయించుకున్న మనిషి, తల్లి పేరుమీద వేరేవాళ్ల నీళ్లు పారుతున్నాయని తెలిస్తే ఏమంటుందో నేను ఊహించుకోదలచలేదు. ఊహించుకుంటే దిగి పారిపోయేదాన్ని.

గేటుకు ఎదురుగా, రోడ్డుకు అవతల కారు ఆపించాడు పెద్దాయన. దిగలేదు. అద్దంలోంచి చూస్తూ కూర్చున్నాడు. పదకొండు దాటింది. ఎండలో పనిచేయించకూడని వేళ కాబట్టి రోడ్డు ఊడ్చేవాళ్లు నలుగురు గోడ నీడకు చేరి ఉన్నారు. ఒకడు గ్లాసు నింపుకుని తాగి, మళ్లీ నింపుకుని నెత్తిమీద పోసుకున్నాడు. బస్సు దిగిన ఆడమనిషి సీసా పట్టుకుంది. మోటర్‌సైకిల్ అతను హెల్మెట్ తీసి మూడు గ్లాసులు గటగటా తాగి పోయాడు.

రోజుకు ఎంతమంది అని ఆయన అడిగాడు. గ్లాసుల లెక్కన వంద, చేతుల్తో తాగేవాళ్లు, సీసాలవాళ్లు వేరే అని చెప్పాను.

"మా సందులో ఇళ్లన్నీ ఖాళీ అయిపోయాయి," అన్నాడు, నాతో అన్నట్టు కాకుండా. "మూడేళ్లుగా పిల్లులు తప్ప నా తమ్ముడి నీళ్లు ఎవరూ తాగలేదు."

దిగి రోడ్డు దాటాడు. ఒక గ్లాసు తీసుకుని, బిస్మిల్లా అని, మూడు గుక్కల్లో తాగాడు. తాగి గేటు గంట నొక్కాడు.

మామా అబాయా సర్దుకుంటూ వచ్చింది. సంగతి సగం ఆయన, సగం నేను చెప్పాం. వినేకొద్దీ ఆమె మొహం పాలిపోయింది. ఆయన్ని ఏమీ అనలేదు. నా వైపే చూసింది.

"నా తల్లికి దొంగనీళ్లు పోయించావా ఈశ్వరీ?"

తొమ్మిదేళ్లలో ఆమె నన్ను ఎన్నో అంది, ఏదీ ఇట్లా గుచ్చుకోలేదు. మూడేళ్లు ఆ ముసలామె నోట్లో నీళ్లు పోసిన చేతులివి. నాకు ఏడుపు ముంచుకొచ్చింది, దాచుకోలేదు.

"దొంగతనం కాదు తల్లీ," అన్నాడు పెద్దాయన. "అడగకుండా తీశాడు, అంతే. అడిగి ఉంటే ఇచ్చేవాణ్ణి. ఇప్పుడు అడగాల్సింది నేను. నీ గేటు దగ్గర నా తమ్ముడికి కాస్త చోటిస్తావా? మీ అమ్మ పలక పక్కన ఈ పలక కూడా ఉండనిస్తావా?"

మామా చూపు ఒకసారి తల్లి పేరుమీద, ఒకసారి ఆయన చేతిలో పలకమీద ఆగింది. ఆమె మనసులో ఏం తిరుగుతోందో నాకు తెలుసు. ఆ ముసలామె బతికున్నన్నాళ్లూ పరాయి మగవాడి కంట పడలేదు. మంచంలో ఉండి కూడా డాక్టర్ వస్తే ముసుగు వెయ్యమనేది. ఆమె పేరు పక్కన ముక్కూమొహం తెలియని మగవాడి పేరు, అదీ నడిబజార్లో, కలకాలం!

"మీ తమ్ముడు ఎట్లాంటి మనిషి?" అంది మామా, నెమ్మదిగా.

పెద్దాయనకూ అర్థమైనట్టుంది.

"ఆడవాళ్లు ఎదురైతే తల వంచుకుని పక్కకు తప్పుకునేవాడు తల్లీ. పాపం, సిగ్గు ఎక్కువ. పెళ్లిచూపుల్లో కూడా నేలచూపులే చూశాడు."

మామా పెదవులు బిగించింది. నవ్వు ఆపుకోవడానికే. తల్లి పోయాక ఆ పెదవులు అట్లా బిగుసుకోవడం అదే మొదలు.

"మా అమ్మ కుడివైపు," అంది. "ఆయన ఎడమవైపు. ముందువైపు కాదు, పక్కలకు బిగించాలి. మధ్యలో కుళాయిలు ఉంటాయి కదా."

మునీంద్ర నా చెవిలో ఏమంటాందిమే అని అడిగాడు. ఇద్దరికీ నడాన కుళాయిలు అడ్డం పెట్టి మర్యాదగా బిగించమంటాంది, మరలు తీసుకురాపో అన్నాను. ఆయన పరుగెత్తిన పరుగుకు చెప్పు ఒకటి రోడ్డుమీదే ఉండిపోయింది.

లోపలికొచ్చాక మామా వంటింట్లో నా పక్కన నిలబడి, ఇందాక అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానంది. అట్లా తీసుకోవడం ఇక్కడి ఇళ్లలో మామూలుగా జరిగేది కాదు. నేను చేప కడుగుతూ తలూపాను.

ఈ సంగతి విని హుస్సేన్ పీరా రెండు చేతులూ నెత్తిన పెట్టుకున్నాడట. పెరట్లోని పాత కూలర్లు పదకొండు తిరగేసి చూస్తే, మునీంద్ర విప్పినది కాకుండా ఇంకో ఏడింటి కంప్రెసర్లు గట్టిగా ఉన్నాయి. అవి డబ్బా లేక ఆగినవి. షెడ్డులో పదమూడు కొత్త డబ్బాలు, ప్రాణం లేక ఆగినవి. పుణ్యం పంచుకుంటే తరగదని పీరా ఖాయంగా చెప్పాడు. దీపంతో దీపం వెలిగించినట్టే అన్నాడు. ఆ రోజు నుంచి ఫోన్ పట్టుకుని పెళ్లిళ్ల పేరయ్యలా తయారయ్యాడు. ఈ ఇంటివాళ్లకు ఆ ఇంటి సంగతి చెప్పడం, చనిపోయినాయన గుణగణాలు వర్ణించడం, మగవాళ్లకు మగవాళ్లను, ఆడవాళ్లకు ఆడవాళ్లను జతకలపడం. అందరూ ఒప్పుకోలేదు. ఒకామె మాట పూర్తికాకముందే ఫోన్ పెట్టేసింది. ఇంకొకాయన, మా నాన్న బతికుండగా సొంత అన్నతోనే ఒక గది పంచుకోలేదు, చచ్చాక పరాయివాడితో కూలర్ పంచుకుంటాడా అన్నాడట. కానీ ఏడు జతలు కుదిరాయి. ఒక జతలో రెండు కుటుంబాలూ ఆనక రాకపోకలు కూడా మొదలుపెట్టాయి. మిగిలిన ఆరుగురూ, చల్లటి నీళ్లు పారుతున్న కూలర్లను కళ్లారా చూశాక, ఈ కార్ఖానా మాటమీద నిలబడుతుందని నమ్మి కంటెయినర్ వచ్చేదాకా ఆగుతామన్నారు.

జూలై ముప్ఫయ్యో తేదీన అబూ తలాల్ షెడ్డుకు వచ్చాడు. తాళం తేలేదు, పుచ్చకాయలు తెచ్చాడు. మునీంద్ర పాస్‌పోర్ట్ అడిగి జేబులో వేసుకున్నాడు. పదిరోజులకు రెండేళ్ల కొత్త ఇఖామాతో తిరిగిచ్చాడు. పెరట్లో చెయ్యి పెట్టేముందు పీరాను అడగాలని మాత్రం చెప్పాడు. అది తెలుగులో గోడమీద పెద్దగా రాసిపెట్టాడు చిన్నరాజం.

ఆగస్టులో ఒక మధ్యాహ్నం మా కూలర్ ఉన్నట్టుండి ఆగిపోయింది. మామావాళ్లు లండన్‌లో ఉన్నారు. ఫోన్ చేస్తే మునీంద్ర ఆ మండుటెండలో రెండు బస్సులు మారి వచ్చాడు. ఫ్యూజు పోయింది, అయిదు నిమిషాల పని. గేటు బయటే బాగుచేసి, గేటు బయటే రెండు గ్లాసులు తాగి, మళ్లీ రెండు బస్సులు మారి పోయాడు. ఇంట్లో యజమాని లేకుండా మొగుణ్ణి లోపలికి పిలవడం నాకు నచ్చలేదు, ఆయనా రాలేదు. ఆ విషయం ఫోన్లో మామాకు చెప్పాను. మంచిది అంది, అంతే.

సెప్టెంబరులో కంటెయినర్ వచ్చింది. ఆ గోరంత బిళ్లలతో సహా. పీరా మొదటి కంప్రెసర్ అబూ యూసుఫ్ పేరున పక్కనపెట్టి, కొత్త సబీల్ వేరుగా చేసిస్తామన్నాడు. పెద్దాయన వద్దన్నాడు. చేస్తే చేపల మార్కెట్లో హమాలీల దగ్గర పెట్టండి, తమ్ముణ్ణి మాత్రం ఉన్నచోటి నుంచి కదిలించొద్దు, ఇన్నాళ్లకు వాడికి నలుగురు మనుషులు కనబడుతున్నారన్నాడు. నెలకోసారి ఆయన మా వీధికి వచ్చి, ఎడమవైపు నిలబడి ఒక గ్లాసు తాగి పోతాడు.

మామా లండన్ నుంచి వచ్చిన వారానికి, ఒక పొద్దున నేను గ్లాసుల కట్ట పెడుతుంటే గేటు దగ్గరికి వచ్చింది. కుడివైపు పలక తుడిచింది. కాస్త ఆగి ఎడమవైపుదీ తుడిచింది. తర్వాత ఖాళీగా ఉన్న డ్రైవర్ గది వైపు చూస్తూ, కూలర్ దగ్గర తెలిసిన మనిషి ఉండాలంది. మొన్నటిలాగా ఆగిపోతే సులైబియా నుంచి ఎవరు పరుగెత్తుతారంది. నీ భర్తను ఆ గదిలోకి వచ్చి ఉండమను, పొద్దున పనికి పోయి సాయంత్రం వస్తాడు, నేను అబూ తలాల్‌తో మాట్లాడాను అంది.

నా నోరుంది చూడండి, అది ఏనాడూ నా మంచి కోరలేదు. మొగుడి పనితనాన్ని ఎవరో తక్కువ చేసినట్టు రోషం వచ్చింది నాకు.

"మామా, దానికేమీ కాదు. గట్టిగా చేశాడు. మూడునెలలకొకసారి ఫిల్టర్ మారిస్తే చాలు, ఇంక చూసుకునే పనే లేదు," అన్నాను.

మామా నన్ను ఎగాదిగా చూసింది. పిల్లలకు లెక్కలు రానప్పుడు చూసే చూపు అది.

"ఈశ్వరీ," అంది. "రోజూ పాడవుతుందని చెప్పు."

అప్పుడు వెలిగింది నాకు.

"అవును మామా. రోజూ పాడవుతుంది."

ఆ శుక్రవారమే మునీంద్ర ఒక పెట్టె, ఒక సంగటి కట్టె పట్టుకుని బస్సు దిగాడు. పెట్టె కిందపెట్టి, లోపలికి రాకముందే కూలర్‌కి చెవి ఆనించి మోటారు విన్నాడు. బాగానే ఉందన్నట్టు తలూపి గ్లాసు తీసుకున్నాడు. కుడివైపు పలక చూశాడు, ఎడమవైపు పలక చూశాడు. ఒకసారి తప్పు చేసిన మనిషి కదా, చెయ్యి కుళాయి దాకా పోయి ఆగిపోయింది.

"ఏ పక్కది తిప్పల్లమే?" అని అడిగాడు.

"నడిమిది తిప్పయ్యా," అన్నాను. "ఇద్దరికీ పోతాది."